రావులపాలెం దాటకముందే

గల్ఫ్ ప్రయాణం ఖాయమైందంటే మన కోనసీమలో ఎవరైనా మొదట అడిగే ప్రశ్న టికెట్ ఎప్పటికి అని. ఏజెంటు కూడా ఆ మాటతోనే వస్తాడు. "టికెట్ వచ్చేసిందండీ, రేపు రాత్రికి బస్సెక్కెయ్యాలి" అంటాడు. ఇక ఇంట్లో ఊపిరి సలపదు. సూట్‌కేసు కొనాలి, పచ్చళ్లు కట్టాలి, పిల్లల్ని అమ్మమ్మగారింట్లో దింపాలి, ఇవ్వాల్సిన వాళ్లకి సర్దిచెప్పాలి. కాగితాలు చదవడానికి మాత్రం ఎవరికీ తీరిక ఉండదు. ఆ హడావిడి చాలాసార్లు కావాలని పుట్టించిందే. తీరిగ్గా చదివితే మీరు ప్రశ్నలు వేస్తారు.

అందుకే టికెట్ చివర రావాలి. వీసా, అగ్రిమెంటు, పాస్‌పోర్టు, మెడికల్, ఇన్సూరెన్సు, అన్నీ మీ చేతిలో కనీసం వారం రోజులున్నాకే ప్రయాణం తేదీ పెట్టించుకోండి. బస్సు రావులపాలెం దాటి హైవే ఎక్కాక మీరు బేరమాడే స్థితిలో ఉండరు. అప్పటికి డబ్బు ఇచ్చేసి ఉంటారు, ఊళ్లో అందరికీ చెప్పేసి ఉంటారు. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఎవడో కవరు చేతిలో పెట్టి "లోపలికెళ్లి చూసుకోండి" అంటే, లోపల చూసుకుని చేసేదేమీ లేదు.

నేను ఎక్కువగా కువైట్ గురించి రాస్తున్నాను. రాజోలు, అమలాపురం, కొత్తపేట వైపు నుంచి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లలో ఎక్కువమందికి తెలిసిన పేరు అదే కాబట్టి. దుబాయ్, మస్కట్ వెళ్లేవాళ్లకీ ముక్కాలు వంతు ఇదే వర్తిస్తుంది. తేడా ఉన్నచోట చెబుతాను.

ముందు పాస్‌పోర్టు. పదో తరగతి పాసైన సర్టిఫికెట్ పెట్టకుండా పాస్‌పోర్టు తీసుకుంటే సాధారణంగా అది ఈసీఆర్ పాస్‌పోర్టు అవుతుంది. అంటే గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకి ఉద్యోగం మీద వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్స్ కావాలి. చాలామంది దీన్ని అడ్డంకి అనుకుంటారు. కానీ ఈసీఆర్ దారిలో వెళ్లినవాళ్ల యజమాని పేరు, జీతం, అగ్రిమెంటు ప్రభుత్వం దగ్గర ఈ-మైగ్రేట్‌లో నమోదై ఉంటాయి. రేపు జీతం ఇవ్వకపోతే చూపించడానికి మీ చేతిలో ఉండే గట్టి కాగితం అదే. నిజంగా పదో తరగతి పాసై ఉంటే సర్టిఫికెట్ పెట్టి ఈసీఆర్ లేకుండా తీసుకోండి, అందులో తప్పు లేదు. పాసవ్వకుండా దొంగ సర్టిఫికెట్ "చేయిస్తాం" అనేవాడిని మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి. కేసు పాస్‌పోర్టు ఎవరి పేరు మీద ఉందో ముందు వాళ్ల మీదే పడుతుంది.

పేరు సంగతి. మన ఆధార్లలో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరంగా, ఒకచోట అసలు లేకుండా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, ఒక్క పేరుతో వచ్చేవాళ్లని విజిట్, టూరిస్టు వీసాల మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో పట్టుబట్టింది. అప్పుడు ఎయిర్‌పోర్టుల నుంచి వెనక్కి తిరిగినవాళ్లున్నారు. కాబట్టి వీసా కాపీ రాగానే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ. గడువు ఆరు నెలల్లో అయిపోతుంటే ముందు కొత్తది తీసుకోండి. మామూలు పాస్‌పోర్టు ఫీజు రూ.1,500, తత్కాల్ అయితే ఇంకో రూ.2,000. ఎవరైనా ఇంతకన్నా ఎక్కువ అడిగారంటే మిగతాది ఫారం నింపినవాడి కూలి. అది ఇవ్వాలా వద్దా మీ ఇష్టం.

వీసా మీద ఏ పని రాసి ఉందో చూడటం అన్నిటికన్నా ముఖ్యం. కువైట్‌లో ఇంటిపని వాళ్లకి 20 నంబరు వీసా, కంపెనీ పనికి 18 నంబరు వీసా. 20 మీద వెళ్లి బయట షాపులోనో హోటల్లోనో పనిచేస్తే పట్టుబడినరోజు తప్పు మీదే అవుతుంది. "ఆజాద్ వీసా అండీ, ఎక్కడైనా చేసుకోవచ్చు" అని అమ్ముతుంటారు. అలాంటి వీసా ఏ దేశపు చట్టంలోనూ లేదు. ఎవరో ఒక కఫీల్ (అక్కడి స్పాన్సరు) పేరు మీద వీసా తీసి, ఆయన దగ్గర కాక బయట పనిచేసుకోమనడమే అది. ఆయన ఏటేటా డబ్బు అడుగుతాడు, ఇవ్వకపోతే పారిపోయారని కేసు పెడతాడు. అప్పటినుంచి మీరు ఖల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి. ఆస్పత్రికి వెళ్లాలన్నా, డబ్బు పంపాలన్నా, ఇంటికి రావాలన్నా భయమే. తర్వాత క్షమాభిక్ష కోసం ఎదురుచూడాలి. కువైట్ 2018లో, 2020లో, 2024లో ఇచ్చింది. మళ్లీ ఎప్పుడిస్తుందో ఎవరూ చెప్పలేరు.

విజిట్ వీసా ఇంకా పెద్ద ఉచ్చు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లు 30 ఏళ్లు నిండకుండా ఆ 18 దేశాలకి పనికి వెళ్లకూడదని మన ప్రభుత్వ నిబంధన. ఇంటిపనికి వెళ్లే ఈసీఆర్ ఆడవాళ్ల రిక్రూట్‌మెంటు 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలన్నారు. మన రాష్ట్రంలో అది ఓంక్యాప్, అంటే ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఆంధ్రప్రదేశ్. ఈ రెండూ తప్పించుకోవడానికే ఏజెంటు దుబాయ్ విజిట్ వీసా తీస్తాడు. ఇమిగ్రేషన్‌లో అడిగితే "చుట్టాల ఇంటికి వెళ్తున్నాను" అని చెప్పమంటాడు. అబద్ధం మీ నోటితో చెప్పిస్తున్నాడు, అది గుర్తుంచుకోండి. అక్కడ దిగాక ఒక గదిలో పదిమందితో పాటు ఉంచి, వచ్చిన మేడమ్‌లకి చూపించి, మస్కట్‌కో కువైట్‌కో పంపిస్తారు. ఏ దేశానికి బయలుదేరామో ఆ దేశంలోనే ఉంటామన్న నమ్మకం కూడా ఉండదు. 2024 జూలైలో అంబాజీపేట వైపు కుర్రాడొకడు ఖతార్ అని వెళ్లి సౌదీ ఎడారిలో ఒంటెల దగ్గర తేలాడు. సెల్ఫీ వీడియో పెడితే, మంత్రి నారా లోకేశ్ దాకా వెళితే, తిరిగొచ్చాడు. వీడియో పెట్టే ఫోను, దానికి సిగ్నలు అందరికీ ఉండవు. విజిట్ గడువు దాటితే యూఏఈలో రోజుకి 50 దిర్హమ్‌ల జరిమానా. నెలకి 1,500. పనిమనిషి జీతమే అంతంత మాత్రం.

ఇక ఏజెంటు. మీ ఊరికి వచ్చి మాట్లాడే మనిషి దాదాపు ఎప్పుడూ సబ్ ఏజెంటే. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని విదేశీ పనికి పంపడం నేరం, అందులో సబ్ ఏజెంటు అనే లైసెన్సు లేదు. మీ మేనమామ కొడుకే అయినా సరే, "ఏ రిజిస్టర్డ్ ఏజెన్సీ తరఫున? నంబరెంత?" అని అడగండి. ఆ నంబరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. లైసెన్సు నడుస్తోందా, సస్పెండ్ అయిందా, రద్దయిందా అక్కడే తెలుస్తుంది. మీకు చేతకాకపోతే డిగ్రీ చదివే పిల్లలెవరైనా రెండు నిమిషాల్లో చూస్తారు. అమలాపురం కలెక్టరేట్‌లో వలసల సహాయ కేంద్రం ఉంది, అక్కడ అడగొచ్చు. రిజిస్టర్డ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగిన గరిష్ఠ ఫీజు రూ.30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే రూ.35,400. రసీదు ఇవ్వాలి. రసీదు అడిగితే మొహం మార్చుకునేవాడికి డబ్బివ్వకండి. ఇవ్వక తప్పదనుకుంటే కనీసం బ్యాంకు ద్వారానో ఫోన్‌పేలోనో ఇవ్వండి. చేతికిచ్చిన నోట్లకి సాక్ష్యం ఉండదు.

ఇంటిపని వీసాల్లో ఇంకో కిటుకు ఉంది, మనవాళ్లకి దీన్ని ఎవరూ విప్పి చెప్పరు. కువైట్‌లో పనిమనిషి కావాలనుకున్న కఫీల్ అక్కడి ఆఫీసుకి పెద్ద మొత్తం కడతాడు. మీ టికెట్, మెడికల్, ఏజెంటు కమీషన్ అందులోంచే రావాలి. మీ దగ్గర కూడా లక్ష తీసుకుంటే ఏజెంటుకి రెండువైపులా ముట్టినట్టే. అంతకన్నా ముఖ్యం, ఆ కఫీల్ మనసులో "నేను డబ్బు పోసి తెచ్చుకున్నాను" అని ఉంటుంది. నాలుగు నెలలకే మీరు వెళ్లిపోతానంటే "కట్టింది ఇచ్చి వెళ్లు" అంటాడు. చట్టం ప్రకారం మీరు కట్టక్కర్లేదు. కానీ ఆ వాదన ఒక అపరిచితుడి వంటింట్లో నిలబడి చేయడం వేరు. అందుకే ఇల్లు ఎలాంటిది, ఎంతమంది ఉంటారు, ముసలివాళ్లని చూసుకోవాలా, పసిపిల్లలా, వంట కూడానా అనేవి ముందే అడగాలి. వీలైతే మేడమ్‌తో వీడియో కాల్ మాట్లాడించమనండి. మాట్లాడించలేనివాడికి ఆ ఇల్లు తెలియదన్నమాట.

కువైట్‌లో ఇంటిపనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు. వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, వెళ్లిపోయేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం లెక్కన ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. కనీస జీతం 60 దినార్లని 2016లో పెట్టారు. ఇవన్నీ కాగితం మీద ఉన్నంత బలంగా ఇళ్లలో ఉండవు, ఆ సంగతి అక్కడ చేసినవాళ్లందరికీ తెలుసు. అయినా ఎంబసీకో లేబర్ ఆఫీసుకో వెళ్లినప్పుడు ఏం అడగాలో తెలిసిన మనిషికీ, తెలియని మనిషికీ జరిగే న్యాయంలో తేడా ఉంటుంది.

అప్పు లెక్క కూర్చుని వేయండి. ఇదొక్కటి చేస్తే సగం ప్రయాణాలు ఆగిపోతాయి, ఆగిపోవాల్సినవే. లక్షన్నర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. నెలకి వడ్డీ రూ.4,500. మొదటి జీతం రావడం, అకామా (నివాస అనుమతి) పడటం, డబ్బు పంపే దారి దొరకడం, వీటికి మూడు నెలలు వేసుకోండి. అప్పటికి బాకీ రూ.1,63,500. జీతం 120 దినార్లు అనుకుంటే, దినారు రూ.270 లెక్కన రూ.32,400. మీ ఖర్చు పోను రూ.25,000 పంపితే, ఇంట్లో తిండికి, పిల్లల ఫీజులకి పది వేలు తీసి, రూ.15,000 అప్పుకి కడితే ఇంకో పద్నాలుగు నెలలకి తీరుతుంది. రెండేళ్ల అగ్రిమెంటులో పదిహేడు నెలలు వడ్డీ వ్యాపారికి, ఏడు నెలలు మీకు. ఇప్పుడు అదే లెక్క 80 దినార్లకి వేయండి. జీతం రూ.21,600. ఎంత పొదుపు చేసినా రూ.17,500 పంపగలరు, అప్పుకి మిగిలేది రూ.7,500. మూడేళ్లు పడుతుంది. అగ్రిమెంటు రెండేళ్లే. 120 అని నోటితో చెప్పి 80 అని కాగితంలో ఉండటం కొత్తేమీ కాదు, అందుకే అగ్రిమెంటులో అంకె చూడమనేది. అరబ్బీలో ఉంటే ఇంగ్లీషు కాపీ అడగండి. బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టుకోండి, ఊళ్లో వడ్డీకన్నా చాలా నయం.

మెడికల్‌కి వెళ్లేముందు ఒక చిన్న జాగ్రత్త. గల్ఫ్ దేశాల మెడికల్ ఇప్పుడు వాఫిద్ అనే పద్ధతిలో నడుస్తుంది, పాతవాళ్లు గామ్కా అంటారు. ఛాతీ ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనిపించినా, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ఉన్నా అన్‌ఫిట్ రాస్తారు, అది కంప్యూటర్‌లో అన్ని గల్ఫ్ దేశాలకీ కనిపిస్తుంది. కాబట్టి ఏజెంటుకి పైసా ఇవ్వకముందే అమలాపురంలోనో రాజమండ్రిలోనో సొంతంగా ఎక్స్‌రే, ఈ రక్తపరీక్షలు చేయించుకోండి. ఫలితం చూసుకున్నాకే అడ్వాన్సు. "మెడికల్ సెట్ చేస్తాం" అనే మాట నమ్మకండి. అక్కడ దిగాక మళ్లీ మెడికల్ ఉంటుంది, అందులో ఫెయిలైతే వెనక్కి పంపేస్తారు, అప్పు మాత్రం ఇక్కడే ఉంటుంది.

ఈసీఆర్ వాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకి రూ.275, మూడేళ్లకి రూ.375, మీద పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షలు. 2024 జూన్ 12న కువైట్ మంగఫ్‌లో కార్మికులున్న భవనం కాలిపోయి 45 మంది భారతీయులు పోయారు, ముగ్గురు మన రాష్ట్రం వాళ్లే. పాలసీ కాపీ ఇంట్లో ఎవరికీ తెలియని చోట ఉంటే లేనట్టే. నామినీకి ఫోటో తీసి పంపండి.

ఇక ప్రయాణం. విమానం గాల్లో ఉండేది తక్కువే. హైదరాబాద్ నుంచి కువైట్ నేరుగా అయితే ఐదు గంటల లోపు, దుబాయ్ నాలుగు, మస్కట్ ఇంకా తక్కువ. రాజోలు నుంచి మేడమ్ ఇంటి తలుపు దాకా లెక్కేస్తే మాత్రం ఒకటిన్నర రోజు. అమలాపురానికి రైలు లేదు. కాబట్టి నేరుగా రాత్రి బస్సు, లేదంటే రాజమండ్రి వెళ్లి రైలు. విమానం ఉన్న రోజు ఉదయం హైదరాబాద్‌లో దిగేలా బస్సు పెట్టుకుంటే సూర్యాపేట దగ్గర ఒక లారీ బోల్తా పడినా మీ టికెట్ పోతుంది. ముందురోజే వెళ్లండి. సంక్రాంతి తర్వాతి వారం అయితే మరీను, ప్రభల తీర్థానికి వచ్చినవాళ్లంతా ఒకేసారి తిరుగుముఖం పడతారు, బస్సు టికెట్టు విమానం టికెట్టులా ఉంటుంది. శంషాబాద్‌లో మూడు గంటల ముందు ఉండాలి.

టికెట్ కాగితం మీద రెండు విషయాలు చూడండి. ఒకటి సామాను ఎన్ని కిలోలు. చవక ఎయిర్‌లైన్స్‌లో తక్కువ ఉంటుంది, కౌంటర్ దగ్గర కిలోకింత అని కట్టించుకుంటారు. రెండు, మధ్యలో దిగి మారాలా. మారాల్సి ఉంటే మొత్తం ప్రయాణానికి ఒకే పీఎన్ఆర్ ఉండాలి. రెండు వేర్వేరు టికెట్లు కలిపి ఇస్తే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోది పోయినట్టే, ఎవరూ బాధ్యత తీసుకోరు. హైదరాబాద్ వదిలి ఏదో దూరపు ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కమంటే ఎందుకో అడగండి. "అక్కడ మనవాళ్లున్నారు" అనేది జవాబైతే బ్యాగు దించేయండి.

పెట్టెలో ఏం పెడుతున్నారో మీ చేత్తో పెట్టుకోండి. కోనసీమ వాళ్లం కాబట్టి ఎండు కొబ్బరి పట్టుకెళ్లాలనిపిస్తుంది. నూనె ఎక్కువ, మంట అంటుకుంటుందని 2022లో దాన్ని చెక్-ఇన్ సామానులో నిషేధించారు. గసగసాలు వద్దు, యూఏఈలో అది మాదకద్రవ్యం కింద లెక్క, మసాలా పొట్లంలో చిటికెడు ఉన్నా ఇబ్బందే. నిద్రమాత్రలు, కోడీన్ దగ్గు మందు, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు అసలు వద్దు. బీపీ, షుగరు మందులైతే డాక్టరు చీటీతో, అట్టపెట్టెలోనే. నెయ్యి, పచ్చళ్లు చేతిసంచిలో పెట్టకండి. ఆత్రేయపురం పూతరేకులు నిరభ్యంతరంగా పట్టుకెళ్లండి, మేడమ్‌కి మొదటిరోజు ఇవ్వడానికి బాగుంటాయి. పక్కింటివాళ్లు "మా తమ్ముడికి చిన్న పొట్లం" అంటే వాళ్ల ముందే విప్పి, చూసి, మళ్లీ కట్టండి. బాధపడితే పడనివ్వండి. కువైట్‌లో మద్యం పూర్తిగా నిషేధం, మగవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవాలి.

తాపీ పనికో కంపెనీ పనికో వెళ్లే మగవాళ్లకి ఎండ సంగతి. మన వేసవి అలవాటే కదా అనుకోవద్దు. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో బయటి పని నిషేధం. ఫోర్‌మన్ చేయమంటే చట్టం మీ వైపుంది. ఎంచుకునే వీలుంటే సెప్టెంబరు తర్వాత వెళ్లండి, మొదటి నెల ఒంటికి అలవాటవుతుంది.

దిగాక మీ పాస్‌పోర్టు ఎవరో తీసుకుంటారు, చట్టం ఏం చెప్పినా. గొడవ పడకండి, కానీ దాని రంగు కాపీలు రెండు మీ దగ్గర, ఒకటి ఇంట్లో ఉండాలి. ఫోను కూడా కొన్నాళ్లు ఇవ్వకపోవచ్చు, అందుకని ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి బట్టల్లో పెట్టుకోండి: ఇంటి నంబరు, ఎంబసీ నంబరు, అక్కడున్న మన ఊరివాళ్లది ఒకటి. శుక్రవారం కువైట్ సిటీలోని మాలియాలో మనవాళ్లు కలుస్తారు కానీ, కొత్తలో మీకు బయటికి వెళ్లే వీలుండదనే అనుకోండి. మెడికల్, వేలిముద్రలు అయ్యాక బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు వస్తుంది. నెల దాటినా ఆ పనులు మొదలుపెట్టకపోతే నెమ్మదిగా అడగండి, ఇంట్లోవాళ్లకీ చెప్పండి. వీసా గడువు మీది, ఇబ్బంది కూడా మీదే అవుతుంది.

ఇంటి దగ్గర ఒకరిని ముందే బాధ్యుణ్ణి చేయండి. భర్త కావచ్చు, తమ్ముడు కావచ్చు, చదవడం రాయడం వచ్చిన మనిషి కావాలి. ఏదైనా తేడా వస్తే విదేశాంగశాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టేది, ఎంబసీకి మెయిలు పంపేది, ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి ఫోను చేసేది ఆ మనిషే. ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800113090. ఈ ఫిర్యాదుల్లో చాలావరకు "మా అమ్మాయిని కొడుతున్నారు, కాపాడండి" అని మాత్రమే ఉంటుంది. ఎంబసీవాళ్లకి దానితో ఇల్లు దొరకదు. పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, కఫీల్ పూర్తి పేరు, అక్కడి ఆఫీసు పేరు, ఆఖరిసారి మాట్లాడిన తేదీ, రావాల్సిన జీతం నెలల లెక్క కావాలి. అన్నిటికీ మించి ఇంటి చిరునామా. కువైట్‌లో అది ఏరియా, బ్లాక్, స్ట్రీట్, ఇంటి నంబరు అని నాలుగు ముక్కల్లో ఉంటుంది. ప్రతి భవనం గోడ మీదా ప్రభుత్వం వేసిన నంబరు పలక ఉంటుంది. చేరిన మొదటి వారంలో చెత్త పారెయ్యడానికి గుమ్మం బయటికి వెళ్లినప్పుడు దాన్ని ఫోటో తీసి ఇంటికి పంపండి. ఫోను లేకపోతే అంకెలు చూసొచ్చి కాగితం మీద రాసుకోండి, మొదటి ఫోన్ కాల్‌లో అందరి క్షేమసమాచారాలకన్నా ముందు అవి చెప్పండి.